పాపనూ కుక్కనూ కలిపి ఫోటో తీయించాలంటే: నెల్లూరులో ఒక స్టూడియో పనితీరు

నెల్లూరులో ఫోటో స్టూడియోలకు కొదవ లేదు. ట్రంకు రోడ్డులోనూ, మాగుంట లేఅవుట్‌లోనూ, దర్గామిట్టలోనూ ఎక్కడ అడిగినా పెళ్ళికీ, ఓణీల ఫంక్షన్‌కూ, మొదటి పుట్టినరోజుకూ వచ్చి తీసేవారు దొరుకుతారు. కానీ రెండున్నరేళ్ల పాపనూ, ఆ పాప పుట్టకముందు నుంచీ ఇంట్లో ఉన్న కుక్కనూ కలిపి, ఆ ఇద్దరిలో ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా తీయగలిగినవారు చాలా తక్కువ. అటువంటి పని మా ఇంట్లోనూ, తర్వాత మైపాడు బీచ్‌లోనూ చేసిపెట్టిన ఒక చిన్న స్టూడియో గురించి ఇక్కడ రాస్తున్నాను. భార్యాభర్తలిద్దరే దాన్ని నడుపుతున్నారు. ఆయన కెమెరా చూసుకుంటే, పిల్లల్నీ జంతువుల్నీ ఆవిడ చూసుకుంటారు. పేరు రాయడానికి వారిని అడగలేదు కనుక రాయడం లేదు. ఫోటోలు బాగా వచ్చాయి, పని చేసిన తీరు అంతకంటే బాగుంది, ఆల్బమ్ విషయంలో మాత్రం నాకు గట్టి అభ్యంతరాలే ఉన్నాయి.

ఫోన్ చేసినప్పుడు వారు ముందుగా ప్యాకేజీల గురించి మాట్లాడలేదు. కుక్క వయసెంత, తింటున్నప్పుడు ఎవరైనా దగ్గరికి వెళితే గుర్రుమంటుందా, దీపావళి చప్పుళ్ళకు ఎలా ఉంటుంది, ఎప్పుడైనా ఎవరినైనా కరిచిందా అని ఒక్కొక్కటిగా అడిగారు. రేబీస్ టీకా కార్డును ఫోటో తీసి పంపమన్నారు. కుక్కపిల్లకు మూడో నెలలో మొదటి టీకా వేయించి, తర్వాత ఏటా వేయిస్తూ ఉండటం మన పశువైద్యులు చెప్పే పద్ధతి. గడువు దాటి ఉంటే టీకా వేయించిన తర్వాతే తేదీ ఇస్తామని వారు స్పష్టంగా చెప్పారు. చంటిపిల్లలున్న ఇంటికి వచ్చే ఫోటోగ్రాఫర్ ఈ ప్రశ్న అడగడం నాకు ఎంతో నచ్చింది. పాప పగలు ఏ వేళకు నిద్రపోతుందో, కుక్క ఏ వేళకు తింటుందో కూడా అడిగి, ఇద్దరూ నిద్ర తీరి, కడుపు నిండి ఉండే ఉదయం వేళను వారే ఎంచుకున్నారు.

మా భైరవ నాటు కుక్క. ఛాతీ మీద అరచేతి అంత తెల్ల మచ్చ తప్ప ఒళ్ళంతా నలుపే. కొత్తవారంటే మొరగదు గానీ దూరంగా జరిగి నిలబడుతుంది. వారు ఇంటికి వచ్చాక చాలాసేపటి వరకూ కెమెరా సంచి జిప్పు కూడా తీయలేదు. ఆవిడ గుమ్మం పక్కన నేల మీద పక్కకు తిరిగి కూర్చుని, భైరవ కళ్ళలోకి చూడకుండా, చెయ్యి చాచకుండా, దానంతట అది వచ్చి వాసన చూసేదాకా ఆగారు. ఆ తర్వాత కెమెరాను చాప మీద పెట్టి దాన్ని కూడా వాసన చూడనిచ్చారు. షట్టర్ చప్పుడును దూరం నుంచి రెండు మూడు సార్లు వినిపించి, అది చెవులు వెనక్కి వాల్చకుండా మామూలుగా ఉందని నిర్ధారించుకున్నాకే పాపను హాల్లోకి తీసుకురమ్మన్నారు.

కుక్కకు ఇబ్బందిగా ఉన్నప్పుడు అది సాధారణంగా వెంటనే గుర్రుమనదు, కరవదు. తిండి ఎదురుగా లేకపోయినా పెదవులు నాకుకుంటుంది, నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది, మొహం పక్కకు తిప్పుకుంటుంది, కంటి తెలుపు అంచున కనబడేలా ఓరగా చూస్తుంది, ఒళ్ళు బిగదీసుకుంటుంది, తోకను కాళ్ళ మధ్యకు ముడుచుకుంటుంది. ఇవేవీ తెలియనివారు ఆవులింతను చూసి ‘కుక్క నవ్వుతోంది, తీయండి’ అంటారు. పాప రెండు చేతులతో కుక్క మెడను వాటేసుకున్న ఫోటోలు చూడటానికి ముచ్చటగానే ఉంటాయి గానీ, అటువంటి చాలా ఫోటోల్లో పాప మొహం మీది నుంచి చూపు తిప్పి కుక్క మొహం చూస్తే, అది విడిపించుకోవాలని చూస్తున్నట్టు తెలిసిపోతుంది. మాకు తీసిన ఫోటోల్లో అటువంటిది ఒక్కటీ లేదు. భైరవ ఒకసారి పెదవులు నాకుకోగానే ఆవిడ చెయ్యి ఎత్తారు, ఆయన కెమెరా దించేశారు, అది వరండాలోకి వెళ్ళి నీళ్ళు తాగి మళ్ళీ వచ్చేవరకూ ఎవరూ దాన్ని పిలవలేదు.

మా అత్తగారు ఎంతో ఆశపడి, “కుక్క వీపు మీద పాపను కూర్చోబెట్టి ఒక్క ఫోటో తియ్యి నాయనా” అని అడిగారు. ఆయన నొచ్చుకోకుండా, “వద్దమ్మా. పాప బరువుకు దాని నడుము నొప్పి పుడుతుంది. నొప్పి పుడితే ఎంత మంచి కుక్కయినా వెనక్కి తిరుగుతుంది” అని చెప్పి, దానికి బదులు పాపను చాప మీద కూర్చోబెట్టి, చేతికి ఉదయగిరి చెక్క గరిటె, ఒక గిన్నె ఇప్పించారు. పాప గిన్నెలో గరిటె తిప్పుతూ వంట చేయసాగింది. భైరవ కాస్త ఎడంగా ముందుకాళ్ళ మీద తల ఆనించి పడుకుని ఆ గరిటెనే చూస్తూ ఉంది. “అమ్మణ్ణీ, భైరవ తోక ఎక్కడుందమ్మా?” అని ఆవిడ అడగగానే పాప వెనక్కి తిరిగి చూసింది, అదే సమయానికి తోక ఊగింది. ఆ ఫోటోనే ఇప్పుడు మా హాల్లో ఉంది. అత్తగారే దాన్ని ఎంచుకున్నారు.

తిండి విషయంలో కూడా వారు పెట్టిన నియమం సరైనది. కుక్క దగ్గర ఉన్నంతసేపూ పాప చేతిలో బిస్కెట్ గానీ చాక్లెట్ గానీ ఉండకూడదు. పిల్లల చెయ్యి కుక్క మూతికి సరిగ్గా అందే ఎత్తులో ఉంటుంది; లాక్కోవడంలో పన్ను తగలడానికి కోపం అక్కర్లేదు. పైగా చాక్లెట్, ద్రాక్ష కుక్కలకు విషం. భైరవకు ఇవ్వడానికి ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం ముక్కలను ముందే సిద్ధం చేయించి, వాటిని పాపకు కనబడకుండా ఆవిడ మాత్రమే ఇచ్చారు. మెడపట్టీకి కట్టిన సన్నటి తాడు చివర ఎప్పుడూ మా ఇంట్లో ఒకరి చేతిలోనే ఉంది, నేను పాపకు చేతికందేంత దూరంలోనే కూర్చున్నాను. తాడునూ నా మోచేతినీ తర్వాత కంప్యూటర్లో చెరిపేశారు. పూర్తయిన ఫోటోలో పాప, కుక్క తప్ప ఎవరూ లేనట్టు కనబడుతుంది గానీ, నిజంగా ఆ ఇద్దరినీ ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదల్లేదు. ఇటువంటి ఫోటోలు చూసి ఇంట్లో ప్రయత్నించాలనుకునే తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియాలి.

ఇక వెలుతురు. నల్ల కుక్కను తీయడం ఎంత కష్టమో మా సెల్‌ఫోన్లలోని పాత ఫోటోలు చూస్తేనే తెలుస్తుంది: అన్నింటిలోనూ భైరవ కళ్ళూ మూతీ లేని ఒక నల్లటి ముద్ద. కెమెరా తన ఎదుట ఉన్నదాన్ని సగటున మధ్యస్థమైన బూడిద రంగుకు తేవాలని చూస్తుంది కనుక, నల్ల కుక్క ఫ్రేమును నింపినప్పుడు వెలుతురు పెంచేస్తుంది, దాంతో పక్కనున్న పాప మొహం తెల్లగా మాడిపోతుంది. పాప మొహానికి సరిచేస్తే కుక్క చీకట్లో కలిసిపోతుంది. ఈయన పాప మొహానికే కొలత పెట్టుకుని, కుక్కను మాత్రం కిటికీకి దగ్గరగా, వెలుతురు పక్క నుంచి ఏటవాలుగా పడేచోట పడుకోబెట్టారు. అప్పుడు నల్లటి వెంట్రుకల మీద నిగనిగలాడే అంచు వచ్చి, చెవులూ దవడా విడివిడిగా తేలాయి, కళ్ళలో కిటికీ ప్రతిబింబం చిన్న చుక్కలా మెరిసింది. ఆ చుక్క లేకపోతే నల్ల కుక్క కళ్ళకు ప్రాణం ఉండదు. ఫ్లాష్ వాడనే లేదు. కెమెరా మీది ఫ్లాష్ నేరుగా కొడితే కుక్క కంటి లోపలి పొర ఆ వెలుతురును వెనక్కి తిప్పికొట్టి పచ్చగా మెరుస్తుంది. అంతకుమించి, ఆ మెరుపుకు కుక్క బెదరవచ్చు.

హాల్లోని ట్యూబులైట్లు కూడా ఆర్పించారు. ఎందుకని అడిగితే చెప్పారు: భైరవ షట్టర్ చప్పుడుకు బెదరకపోయినా దాని కోసం చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్ వాడుతున్నారు, మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక కొన్ని ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి, అది మన కంటికి తెలియకపోయినా, ఆ షట్టర్‌తో తీస్తే ఫోటోలో అడ్డంగా నల్లటి చారలు పడతాయి. కిటికీ వెలుతురు ఒక్కటే ఉంచి తీయడంతో చప్పుడూ లేదు, చారలూ లేవు.

వారు వాడినది సోనీ ఏ7 త్రీ కెమెరా. దానికి 2019లో వచ్చిన సాఫ్ట్‌వేర్ మార్పుతో జంతువుల కన్నును గుర్తించి ఫోకస్ పట్టే సదుపాయం చేరింది, అయితే మనుషుల కంటిని పట్టాలో జంతువుల కంటిని పట్టాలో మనమే ఎంచుకోవాలి, రెండూ ఒకేసారి కుదరవు. పాపా కుక్కా కలిసి ఉన్నప్పుడు ఈ పరిమితి బాగా అడ్డం వస్తుంది. ఆయన ఫోకస్ పాప కంటి మీదే ఉంచి, ఇద్దరి మొహాలూ కెమెరాకు ఇంచుమించు ఒకే దూరంలో ఉండేలా కూర్చోబెట్టి, లెన్సును ఎఫ్ 1.8 వరకూ తెరవకుండా ఎఫ్ 4 దగ్గర ఆపారు (ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువగా తెరుచుకున్నట్టు). కుక్క మూతి పొడవు కనుక మరీ తెరిస్తే కన్ను స్పష్టంగా ఉండి ముక్కు మసకబారుతుంది, పక్కనున్న రెండో మొహం పూర్తిగా కరిగిపోతుంది. షట్టర్ వేగాన్ని ఇంట్లో సెకనులో 250వ వంతు దగ్గరా, బీచ్‌లో పరుగెత్తేటప్పుడు 1000వ వంతు దగ్గరా ఉంచినట్టు ఫైళ్ళ వివరాల్లో చూశాను. ఫోటోలన్నీ నేల మీద బోర్లా పడుకునే తీశారు. నిలబడి పైనుంచి తీస్తే పాప నడినెత్తి, కుక్క వీపు తప్ప ఏమీ రావు.

మైపాడు నెల్లూరు నుంచి సుమారు 25 కిలోమీటర్లు. మన తీరం తూర్పు ముఖంగా ఉంటుంది కనుక మంచి వెలుతురు ఉదయమే. సాయంత్రం సూర్యుడు భూమి వైపు దిగి సముద్రం వైపు తిరిగిన మొహాలు నీడలో పడతాయి, సరుగుడు తోటలున్న చోట నీడ ఇంకా ముందే కమ్ముకుంటుంది. జనవరిలో ఆరున్నర దాటాక పొద్దు పొడుస్తుంది. మేము అప్పటికే ఇసుకలో ఉన్నాము. మొదటి అరగంట వెలుతురు పాప బుగ్గ మీదా భైరవ ఛాతీ మచ్చ మీదా పసుపు పూసినట్టు పడింది. కానీ బీచ్ భాగం నాకు ఇంట్లో తీసినంత నచ్చలేదు. వీధి కుక్కలు దూరం నుంచి మొరగడంతో భైరవ ధ్యాస చెదిరింది. ఒడ్డున పడి ఉన్న వల ముక్కలూ గాలాలూ చూసుకుంటూ నడవవలసి వచ్చింది. అది ఉప్పునీళ్ళు తాగబోతే ఆపవలసి వచ్చింది, ఎందుకంటే సముద్రపు నీళ్ళు తాగిన కుక్కకు వాంతులవుతాయి. స్టూడియోవారు తాగునీళ్ళూ గిన్నే వెంట తెచ్చారు గానీ, రద్దీ లేని చోటును ముందురోజు వెళ్ళి చూసి ఉంటే బాగుండేది. తీసుకున్న రుసుములో ప్రయాణ ఖర్చు విడిగా ఉన్నప్పుడు ఆ మాత్రం ఆశించవచ్చు.

నా అసలు అభ్యంతరం ఆల్బమ్ గురించి. మా పాపది చామనఛాయ. మొదట పంపిన నమూనా పేజీల్లో పాప రంగు తెల్లబరిచి, బుగ్గల మీది నూగునూ, కనుబొమ దగ్గరి చిన్న గీతనూ నునుపు చేసేశారు. ఆ తెల్లబరచడంలో భైరవ మచ్చ కూడా నీలి రంగుకు తిరిగింది. అడిగితే, చాలామంది అలాగే కోరతారని, మేము ఏమీ చెప్పలేదు కనుక అలవాటు ప్రకారం చేశామని అన్నారు. కుక్క పెదవి కదిలినా గమనించే మనుషులు, పిల్ల ఒంటి రంగును అడగకుండా మార్చడం నాకు బాధ కలిగించింది. చెప్పగానే రుసుము లేకుండా మళ్ళీ చేసిచ్చారు, ఇప్పుడు పాప పాపలాగే ఉంది. మీరు బుక్ చేసేటట్టయితే రంగు ముట్టుకోవద్దని మొదటి రోజే రాతపూర్వకంగా చెప్పండి. ఫోటోలు మొదట వాట్సాప్‌లో పంపారు, అందులో వివరాలు పోతాయి. అసలు ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వమని అడిగి తీసుకోవాలి. 6000 అడ్డం, 4000 నిలువు పిక్సెళ్ళున్న ఆ ఫైలు 18 అంగుళాల అడ్డం, 12 అంగుళాల నిలువు ఉన్న ప్రింటుకు నిండుగా సరిపోతుంది, సగానికి కత్తిరిస్తే మాత్రం అంత పెద్ద ప్రింటులో పదును తగ్గుతుంది. ఆల్బమ్ చేతికి రావడం చెప్పినదానికన్నా బాగా ఆలస్యమైంది.

ఇంట్లో తీసినదానికి 7,500 రూపాయలు, బీచ్‌కు మరో 4,000, ఆల్బమ్‌కు విడిగా తీసుకున్నారు. మన ఊరి ధరల్లో ఇది తక్కువేమీ కాదు. అయినా ఇంటి భాగానికి ఇచ్చిన ప్రతి రూపాయికీ పని కనబడింది; బీచ్ భాగం మాత్రం కుక్క కొత్త చోట్లకు అలవాటు పడి ఉంటేనే తీసుకోండి. పెళ్ళిళ్ళ ముహూర్తాలున్న రోజుల్లో వీరు దొరకరు, దొరికినా తొందరలో ఉంటారు. పుష్యమాసంలో మనవైపు పెళ్ళిళ్ళు చేయరు కనుక వారికి తీరిక ఉంటుంది, ఈశాన్య వానలు వెనక్కి తగ్గి ఎండ కూడా అప్పుడు మెత్తగా ఉంటుంది. ఆ నెలకు తేదీ కావాలంటే కార్తీకంలోనే ఫోన్ చేసి, టీకా కార్డు దగ్గర పెట్టుకుని మాట్లాడండి.