‘మందు’ చూసొచ్చాను: యూనివర్సిటీ పిల్లలు వేసిన ఇటాలియన్ ఒపెరా

అమెరికాలో మా అమ్మాయి ఉండే అపార్ట్‌మెంట్‌లో గోడలు పలచన. పక్క ఫ్లాట్‌లో ఉండే అమ్మాయి యూనివర్సిటీ మ్యూజిక్ స్కూల్లో బసూన్ అనే ఊదే వాయిద్యం నేర్చుకుంటోంది. నేను వచ్చిన రోజు నుంచీ సాయంత్రం ఆరు దాటితే చాలు, అవతలి గదిలోంచి ఒకే ఒక్క చిన్న ముక్క వినబడేది. అరనిమిషం కూడా ఉండదు. సన్నాయి గొంతు బరువెక్కి కిందికి దిగితే ఎలా ఉంటుందో అలాంటి గొంతు. మధ్యలో ఆపేసేది. మొదటి స్వరం ఒక్కటే పదిసార్లు ఊదేది. మళ్ళీ మొదలు. మూడు వారాలు అదే. అది ఏ పాటో, ఎవరు పాడేదో నాకు తెలియదు కానీ మూడో వారానికి వంటింట్లో కాఫీ కలుపుకుంటూ నేనే కూనిరాగం తీస్తున్నాను.

ఒకరోజు ఆ పిల్ల కారిడార్‌లో కనబడి మా అమ్మాయికి చెప్పింది, ఈ వారాంతం మా ఒపెరా ఉంది, రండి అని. ఒపెరా అంటే మొత్తం పాటలతోనే నడిచే నాటకం. మ్యూజిక్ స్కూల్ విద్యార్థులే పాడతారు, వాళ్ళే వాయిస్తారు. టికెట్ 18 డాలర్లు, స్టూడెంట్లకి 5.

"నాన్నా, రెండున్నర గంటలు మొత్తం ఇటాలియన్‌లో పాడతారు. కూర్చోగలవా?" అని అడిగింది మా అమ్మాయి.

"పక్కింటి పిల్ల వాయిస్తోంది కదమ్మా, వెళ్దాం" అన్నాను.

శుక్రవారం రాత్రి ఇద్దరం వెళ్ళాం. ఆదివారం మధ్యాహ్నం ఆటకి నేనొక్కణ్ణే మళ్ళీ వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో చెప్తాను.

ఒపెరా పేరు ‘లెలిసీర్ దమోరే’. సంగీతం గయెతానో దోనిజెత్తిది, మాటలు ఫెలీచే రొమానివి. 1832 మే 12న మిలాన్‌లో మొదటిసారి ఆడింది. పేరుకి అర్థం ప్రేమ రసాయనం అని అమ్మాయి చెప్పింది. నేనైతే ‘మందు’ అనే అంటాను. మన ఊళ్ళల్లో "ఆ పిల్లాడికి మందు పెట్టేశార్రా" అంటారే, ఆ మందు. కథంతా ఆ మాట మీదే నడుస్తుంది. నెమొరీనో అని ఒక పల్లెటూరి కుర్రాడు, చేతిలో పైసా లేదు. అదీనా అని ఊళ్ళో భూములున్న అమ్మాయిని ప్రేమిస్తాడు. ఆమె పట్టించుకోదు. ఊళ్ళోకి ఒక మందులవాడు బండి వేసుకుని వస్తాడు. కుర్రాడు వెళ్ళి, ప్రేమ పుట్టించే మందుందా అని అడుగుతాడు. ఉందంటాడు వాడు. జేబులో ఉన్న ఒకే ఒక్క బంగారు నాణెం తీసుకుని ఒక సీసా చేతిలో పెడతాడు. సీసాలో ఉన్నది ద్రాక్షసారాయి, బోర్డో వైన్. ఒక రోజు ఆగితేనే పనిచేస్తుందని చెప్తాడు. ఎందుకంటే తెల్లారేసరికి వాడు ఊరు దాటిపోవాలి.

ఔషధం, వశీకరణం, సారా మూడింటికీ తెలుగులో ‘మందు’ అన్న ఒక్క మాటే చాలు. ఈ కథలో ఆ మూడూ ఒకే సీసాలో ఉన్నాయి. ఆ రాత్రి హాల్లో ఎంతమంది తెలుగువాళ్ళున్నారో తెలియదు గానీ, ఆ సీసాని మనమే బాగా అర్థం చేసుకోగలం అనిపించింది.

నేను తెనాలిలో ముప్పై ఏళ్ళు మెడికల్ షాపు నడిపాను. అందుకని నా కళ్ళు మొదటి నుంచీ ఆ మందులవాడి మీదే ఉన్నాయి. ప్రోగ్రాం పుస్తకంలో వాడి పేరు చూడగానే ఆగిపోయాను. దుల్కమారా. హోమియో మందుల అలమరాలో ఎన్నిసార్లు చూసిన పేరు! వానల్లో, తేమలో వచ్చే జలుబులకీ ఒళ్ళునొప్పులకీ ఇస్తారు. అదొక తీగ మొక్క పేరు. లాటిన్‌లో తీపి, చేదు అన్న రెండు మాటలు కలిసి ఆ పేరైంది. మందులవాడికి ఇంతకన్నా మంచి పేరు ఎవరైనా పెట్టగలరా?

ఆ వేషం కట్టిన కుర్రాడికి ఇరవై నాలుగు, ఇరవై అయిదేళ్ళుంటాయి. హాలు వెనక తలుపులోంచి చక్రాల బండి తోసుకుంటూ జనం మధ్య నుంచే వచ్చాడు. బండి నిండా రంగురంగుల సీసాలు, ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. స్టేజీ ఎక్కి మొదలుపెట్టిన పాట ఉంది చూడండి, గుక్క తిప్పుకోకుండా మాట మీద మాట. ఎలుకలని చంపుతుంది, నల్లులని చంపుతుంది, ఆడవాళ్ళ ముడతలు పోగొడుతుంది, ఆయాసం తగ్గిస్తుంది, పక్షవాతం తగ్గిస్తుంది. డెబ్బై ఏళ్ళ రోగిష్టి మనిషి ఈ మందుతో పదిమంది పిల్లలకి తాత అయ్యాడట. ఆ జాబితాలో డయాబెటిస్ కూడా ఉంది! 1832 నాటి పాటలో. పైన తెర మీద ఆ మాట ఇంగ్లిష్‌లో పడగానే మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ధర చెప్పే తీరు ఇంకా బాగుంది. యూరప్ అంతా తొమ్మిది లీరాలకి అమ్ముతున్నాను, కానీ నేను ఈ ప్రాంతంలో పుట్టినవాణ్ణి కాబట్టి మీకు మూడుకే ఇస్తాను అంటాడు. మా చిన్నప్పుడు సంతలో మైకు పట్టుకుని తైలం అమ్మినవాడు సరిగ్గా ఈ మాటే అనేవాడు, "మీ ఊరి అల్లుణ్ణండీ, మీ దగ్గర లాభం చూసుకుంటానా" అని. మధ్యలో వందేళ్ళ పైమాటే, రెండు సముద్రాలు. అమ్మే మాట మాత్రం మారలేదు.

నన్ను రెండోసారి రప్పించింది పాట కాదు, ఒక చూపు. రెండో అంకంలో నెమొరీనో మేనమామ చనిపోతాడు, ఆస్తంతా వీడికి వస్తుంది. ఆ సంగతి ఊళ్ళో ఆడపిల్లలకి ముందు తెలుస్తుంది, వీడికి తెలియదు. అందరూ వచ్చి చుట్టూ మూగుతారు. మందు పనిచేసిందనుకుంటాడు వాడు. ఒక పక్కన నిలబడి చూస్తున్న దుల్కమారా మెల్లగా వెనక్కి వెళ్ళి, తన బండిలోంచే ఒక సీసా తీసి, మూత తిప్పి, వాసన చూశాడు. ఒక్క క్షణం. తను అమ్మింది సారాయేనా అని. హాలంతా నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. బి కాంప్లెక్స్ టానిక్ కొనుక్కెళ్ళినవాళ్ళు నెల తర్వాత వచ్చి, "మీ మందుతో మా అబ్బాయి పాసయ్యాడండీ" అని చెప్పినప్పుడు కౌంటర్ వెనక నేను ఎన్నిసార్లు అలా సీసా వైపు చూశానో. ఆ వయసు కుర్రాడికి ఆ చూపు ఎలా తెలిసింది?

ఇక గొంతుల సంగతి. ఒపెరాలో మైకు ఉండదు. స్టేజీకీ ప్రేక్షకులకీ మధ్య గొయ్యిలో అంతమంది వాయిస్తుంటే, వాళ్ళందర్నీ దాటుకుని ఒక్క మనిషి గొంతు చివరి వరస దాకా రావాలి. చదువుకునే పిల్లలకి ఇది చిన్న పరీక్ష కాదు. ఇటలీ నుంచి వచ్చిన మహాగాయకుడు ఎన్రికో కరూసో అంతటివాడు 1920 డిసెంబర్‌లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఈ ఒపెరాలోనే పాడుతూ ఉంటే గొంతులోంచి రక్తం పడింది. మొదటి అంకం అవగానే ఆట ఆపేశారు. తర్వాతి ఏడాది ఆగస్టులో చనిపోయాడు. ఇంటికొచ్చాక అమ్మాయి ఇది చదివి చెప్పింది. పాడినవాళ్ళ మీద నాకు గౌరవం ఇంకో మెట్టు పెరిగింది.

లోపాలు లేకపోలేదు. మొదటి అంకం చివర అందరూ కలిసి పాడే చోట ఆర్కెస్ట్రా బాగా గట్టిగా వాయించింది, అదీనా పెదవులు కదలడమే కనబడింది. ఆ అమ్మాయి గొంతు సన్ననిది, మెత్తగా పాడాల్సిన చోట్ల ప్రాణం పెట్టి పాడింది, పాపం అక్కడ మునిగిపోయింది. అదీనాని పెళ్ళాడాలని చూసే పటాలం సార్జంటు బెల్కోరేగా వేసిన కుర్రాడు మీసం తిప్పడం మీద పెట్టిన శ్రద్ధ పాట మీద పెట్టలేదు. కోరస్‌లో ముప్పై మంది దాకా ఉన్నారు, స్టేజీ చిన్నది, గడ్డివాము చుట్టూ ఒకరినొకరు తోసుకోకుండా నడవడమే సరిపోయింది వాళ్ళకి. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది పైన పడే ఇంగ్లిష్ అనువాదం. ఒపెరాలకి ఈ ఏర్పాటు 1983లో టొరంటోలో మొదలైందట, నాలాంటివాళ్ళకి ఎంతో మేలు. శుక్రవారం రెండో అంకం మొదట్లో అది అయిదు నిమిషాలు ఒకే వాక్యం దగ్గర ఆగిపోయింది. భాష రాని మనిషికి అయిదు నిమిషాలంటే చాలా ఎక్కువ. ఆదివారం సరిగ్గానే నడిచింది.

శుక్రవారం ఆ రెండో అంకంలోనే, కాసేపటికి వచ్చింది ఆ ముక్క.

స్టేజీ మీద నెమొరీనో ఒక్కడే మిగిలాడు. దీపాలు తగ్గించారు. గొయ్యిలో హార్ప్ తీగల మీద చిన్నగా చినుకులు పడ్డట్టు మొదలైంది. దాని మీద బసూన్. మూడు వారాలు గోడ అవతలి నుంచి విన్న ముక్క! నా గుండె ఒక్కసారి ఆగినంత పనైంది. అంతవరకూ అది నాకు ఒక ఎక్సర్‌సైజు. ఇప్పుడు తెలిసింది, అది ఒక మనిషి నోరు తెరిచి మాట్లాడబోయే ముందు గొంతులో అడ్డం పడేది. మేం కూర్చున్న చోటు నుంచి ఆ పిల్ల తల, పైకి లేచిన ఎర్రటి చెక్క గొట్టం కొస కనబడుతున్నాయి. మొదటి స్వరం, ఆ పదిసార్లు ఊదిన స్వరం, ఎక్కడ మొదలైందో తెలియకుండా మొదలైంది.

కుర్రాడు పాడాడు. ‘ఊనా ఫుర్తీవా లాగ్రిమా’. దొంగచాటున జారిన ఒక కన్నీటి చుక్క. మిగతా ఆడపిల్లలు తన చుట్టూ మూగినప్పుడు అదీనా కళ్ళలో అది చూశాడు వాడు. అంతే, ఇంకేం వద్దంటాడు, ఇక చచ్చిపోయినా ఫరవాలేదంటాడు. నవ్వుల నాటకంలో ఈ ఒక్కచోటే అందరూ ఊపిరి బిగబట్టారు. చివర్లో పాట ఒక్కసారి తెరుచుకుంటుంది, మబ్బు తొలిగినట్టు. బి ఫ్లాట్ మైనర్‌లో మొదలై బి ఫ్లాట్ మేజర్‌లో ముగుస్తుందని, అంటే దిగులు పలికే స్వరాల వరస నుంచి వెలుగు పలికే వరసకి మారుతుందని తర్వాత ఆ పిల్లే చెప్పింది. మా తెనాలిలో పద్యనాటకమైతే "వన్స్ మోర్" అని అరిచి మళ్ళీ పాడించుకునేవాళ్ళం. ఇక్కడ అలా అడగరు, చాలాసేపు చప్పట్లు కొట్టారు. నేనూ చేతులు నొప్పెట్టేదాకా కొట్టాను.

ఆదివారం ముఖ్య వేషాలకి వేరే జట్టు. పెద్ద పాత్రలకి ఇద్దరిద్దరిని తయారుచేసి ఆటలకి మార్చి మార్చి పాడిస్తారట, లేకపోతే గొంతులు నిలవవు. ఆ రోజు నెమొరీనోది ఇంకా పెద్ద గొంతు, పై స్వరాలు గాజులా తెగేవి. అయినా నాకు శుక్రవారం వాడే నచ్చాడు. వాడు పాడుతుంటే భయపడుతున్న కుర్రాడు కనబడ్డాడు. ఆదివారం అదీనా మాత్రం శుక్రవారం అమ్మాయికన్నా ఎన్నో రెట్లు మిన్న. దుల్కమారా వేరేవాడు, ఇతనూ బాగా పాడాడు. సీసా వాసన చూడలేదు. ఆ చూపు కోసం వెళ్ళిన నాకు కొంచెం వెలితిగా అనిపించింది, కానీ బసూన్ ఆ రోజూ పక్కింటి పిల్లదే.

వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. ముందు వరసల్లో కూర్చోవద్దు, పైన అనువాదం చదవడానికి మెడ పట్టేస్తుంది, ఆర్కెస్ట్రా కూడా చెవిలో పడుతుంది. బాల్కనీలో మొదటి వరస మంచిది, వాయించేవాళ్ళ చేతులు కూడా కనబడతాయి. కథ ముందే చదువుకుని వెళ్ళండి. ఇండియానా యూనివర్సిటీ లాంటి చోట్ల 1972లో కట్టిన పెద్ద ఒపెరా హాలే ఉందట. మేం చూసినది దాంట్లో నాలుగోవంతు కూడా ఉండదు. అయినా అక్కడ 18 డాలర్లకి దొరికినది నాకు ఇంకెక్కడ దొరుకుతుంది? పిల్లల్ని చూడ్డానికి వచ్చి ఆర్నెల్లు ఇంట్లో కూర్చునే అమ్మానాన్నలందరికీ చెప్తున్నాను, మీ పిల్లల యూనివర్సిటీలో మ్యూజిక్ స్కూల్ ఉందేమో కనుక్కోండి. చాలా కచేరీలకి టికెట్ కూడా ఉండదు.

సోమవారం సాయంత్రం మైసూర్‌పాక్ డబ్బా పట్టుకుని పక్క ఫ్లాట్ తలుపు కొట్టాం. టేబుల్ మీద చిన్న గిన్నెలో నీళ్ళు, అందులో రెండు రీడ్‌లు, అంటే బసూన్‌కి తగిలించి ఊదే పీకలు, నానుతున్నాయి. వెదురు లాంటి పుల్లని చీల్చి, రెండు పలకలు కలిపి, ఎర్ర దారంతో చుట్టింది. అన్నీ తనే చేసుకుంటుందట, పది చేస్తే మూడు పనికొస్తాయట. ఒకటి నా చేతిలో పెట్టింది. బరువే లేదు. ఆ మొదటి స్వరం ఎందుకన్నిసార్లు ఊదేదానివని అమ్మాయి చేత అడిగించాను. పాడేవాడు ఆ స్వరం విని తన గొంతు సిద్ధం చేసుకుంటాడు, అది గరుకుగా వస్తే వాడికి ధైర్యం చాలదు అని చెప్పింది.

ఈ రోజు ఆరు దాటాక గోడ అవతల కొత్త ముక్క మొదలైంది. ఇదింకా ఏమిటో తెలియలేదు.