చిట్టెలుకల్లో జన్యు కాపీల లెక్క: డిజిటల్ పీసీఆరా, సీక్వెన్సింగా?

డ్రాప్లెట్ డిజిటల్ పీసీఆర్ (నమూనాను చిన్న చిన్న బొట్లుగా విడదీసి, జన్యువు దొరికిన బొట్లను లెక్కపెట్టే పద్ధతి): ఒక్కో నమూనాకు ఖర్చు తక్కువ, ఒక్కరోజు పని. 20 మైక్రోలీటర్ల మిశ్రమం దాదాపు 20,000 బొట్లవుతుంది. ముందుగా డీఎన్‌ఏను రెస్ట్రిక్షన్ ఎంజైమ్‌తో (డీఎన్‌ఏను నిర్ణీత చోట్ల కత్తిరించే ఎంజైమ్) కోయాలి. ఇది మాత్రం మరవొద్దు: కోయకపోతే పక్కపక్కనే ఉన్న కాపీలు ఒకే బొట్టులో పడి, ఆరు కాస్తా రెండుగా కనిపిస్తాయి. పైగా ప్రయోగశాల బయట పెరిగే ఎలుకల్లో వైవిధ్యం ఎక్కువ. ప్రైమర్ (జన్యువును గుర్తించే చిన్న డీఎన్‌ఏ ముక్క) అతుక్కునే చోట ఒక్క అక్షరం మారినా లెక్క తగ్గొచ్చు.

సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ అక్షరాలను వరుసగా చదవడం): ఖర్చెక్కువ, కంప్యూటర్ పని ఇంకా ఎక్కువ. జన్యుపటంలో పలుచోట్ల సరిపోలే రీడ్లను (చదివిన డీఎన్‌ఏ ముక్కలను) వడపోస్తే అసలు కాపీలే మాయమవుతాయి. లెక్క సరిగ్గా ఉందో తెలియాలంటే, ఒకే ఎక్స్ ఉండే మగ ఎలుకలో ఎక్స్ క్రోమోజోమ్ లోతు (ఒక్కో చోటును ఎన్ని రీడ్లు కప్పాయన్న లెక్క) సగం వచ్చిందా చూసుకోండి.

2వ క్రోమోజోమ్ మీది ఆర్2డి2 (ఎలుకను బట్టి కాపీల సంఖ్య మారే డీఎన్‌ఏ భాగం) లాంటి తెలిసిన చోటును వందల ఎలుకల్లో లెక్కించాలంటే పీసీఆర్. మార్పు ఎక్కడుందో తెలియకపోతే సీక్వెన్సింగే.