గ్రఫానా లైవ్: గీత కదులుతుంది, గుర్తు మాత్రం ఉండదు

సర్వర్ల, సెన్సర్ల అంకెల్ని గ్రాఫులుగా చూపే సాఫ్ట్‌వేర్ గ్రఫానా. దాని డ్యాష్‌బోర్డ్ కుడి మూలన రిఫ్రెష్‌ను 5 సెకన్లకు పెట్టేసి, అదే లైవ్ అనుకునేవాళ్ళు చాలామంది. అక్కడ జరిగేది వేరు. ప్రతి ప్యానెల్ (డ్యాష్‌బోర్డ్‌లోని ఒక్కో గ్రాఫ్) 5 సెకన్లకోసారి డేటాబేస్‌కి కొత్తగా క్వెరీ, అంటే డేటా కోసం అభ్యర్థన, పంపుతుంది. 20 ప్యానెళ్ళ డ్యాష్‌బోర్డ్‌ను పదిమంది తెరిచారంటే విడతకు 200 క్వెరీలు. 5 సెకన్ల కనీస హద్దును కాన్ఫిగ్‌లో తగ్గించుకోవచ్చు గానీ, ఆ బరువు మోయాల్సింది డేటాబేసే.

2021లో 8.0 వెర్షన్‌తో వచ్చిన గ్రఫానా లైవ్ పద్ధతి దీనికి తిరగేసింది. డేటా రాగానే సర్వరే వెబ్‌సాకెట్ (తెరిచే ఉండే రెండువైపుల కనెక్షన్) మీద బ్రౌజర్‌కి తోస్తుంది. అంకెలు సేకరించి పంపే టెలిగ్రాఫ్ అనే ప్రోగ్రామ్ నుంచి గ్రఫానా పుష్ ఎండ్‌పాయింట్‌కి (డేటా అందుకునే అడ్రస్‌కి) ఇన్‌ఫ్లక్స్ ఫార్మాట్‌లో పంపి, ప్యానెల్లో గ్రఫానా డేటాసోర్స్ కింద లైవ్ మెజర్‌మెంట్స్ ఎంచుకుని, ఛానెల్ పేరు ఇస్తే చాలు. మధ్యలో డేటాబేస్ అక్కర్లేదు.

అన్నీ సరిగ్గానే పెట్టినా గీత 10 సెకన్లకోసారి గెంతుతోందా? తప్పు గ్రఫానాది కాదు. టెలిగ్రాఫ్‌లో ఇంటర్వెల్ (డేటా సేకరించే వ్యవధి), ఫ్లష్ ఇంటర్వెల్ (దాన్ని బయటికి పంపే వ్యవధి) రెండూ మొదట్నుంచీ 10 సెకన్లే ఉంటాయి. ఒకదాన్ని మార్చి రెండోది మరిచిపోవడం మామూలే. రెండూ 1 సెకనుకి దించాలి.

ఇంకో తలనొప్పి గ్రఫానా ముందు ప్రాక్సీగా పెట్టే ఎన్‌జిన్ఎక్స్ వెబ్ సర్వర్. మామూలు ప్యానెళ్ళు బాగానే ఆడుతూ లైవ్‌వి మాత్రం ఖాళీగా ఉంటే ముందు బ్రౌజర్ కన్సోల్ చూడండి. వెబ్‌సాకెట్ ఫెయిలైతే ప్రాక్సీలో హెచ్‌టీటీపీ 1.1తో పాటు అప్‌గ్రేడ్, కనెక్షన్ హెడర్లు పెట్టారో లేదో చూసుకోవాలి. 403 ఎర్రర్ వస్తే అది ఆరిజిన్ గొడవ: కాన్ఫిగ్‌లోని రూట్ యూఆర్‌ఎల్, మీరు తెరిచిన అడ్రస్ ఒకటి కావు.

లైవ్ కనెక్షన్ల హద్దు మొదట్లో 100. ఒక్కో ట్యాబ్ ఒక కనెక్షన్ తింటుంది కాబట్టి పెద్ద ఆఫీసులో ఇది తొందరగానే నిండుతుంది. పెంచుకోవచ్చు, ఒక్కోదానికి ఇంచుమించు 50 కేబీ మెమరీ పడుతుంది, అది పెద్ద లెక్క కాదు. అయితే ఫైల్ డిస్క్రిప్టర్ల (సర్వర్ ఒకేసారి తెరిచి ఉంచగల ఫైళ్ళు, కనెక్షన్ల) హద్దునూ పెంచాలి. రెండు గ్రఫానా సర్వర్లు నడుపుతుంటే మధ్యలో డేటాను రెంటికీ చేరవేసే రెడిస్ సర్వర్ తప్పదు, లేకపోతే ఒక సర్వర్‌కి చేరిన డేటా రెండోదాన్ని చూస్తున్నవాళ్ళకి అందదు.

అసలు లోపం వేరే ఉంది. లైవ్ దేన్నీ నిల్వ చేసుకోదు. ఎఫ్5 నొక్కారంటే అప్పటిదాకా గీసిన గీత పోయి, కుడి అంచు నుంచి మళ్ళీ మొదలవుతుంది. నెట్ తెగిన ఆ కాసేపటి అంకెలూ తిరిగిరావు. ఈ ఛానెళ్ళ మీద అలర్ట్ రూల్ కూడా పెట్టలేం. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ఫోన్ మోగాలనుకునేవాళ్ళకి ఇది పనికిరాదు.

లోడ్ టెస్ట్ నడుపుతూ సీపీయూ చూడ్డానికీ, సెన్సర్ బిగించి రీడింగ్ సరిచూసుకోడానికీ మాత్రం భలేగా ఉంటుంది. మిగతా పనులకి అంకెల్ని నిల్వ చేసే ప్రొమీథియస్, 30 సెకన్ల రిఫ్రెష్ చాలు. రెండూ కావాలంటే టెలిగ్రాఫ్‌లో రెండు అవుట్‌పుట్‌లు పెట్టండి: ఒకటి లైవ్‌కి, ఒకటి ఇన్‌ఫ్లక్స్‌డీబీ డేటాబేస్‌కి.