వేల్యుయేషన్ తక్కువొచ్చింది... ఉన్న బ్యాంకుతోనే కొట్లాడాలా, బ్యాంకే మార్చాలా?

మాది కూకట్‌పల్లి వైపు పాత అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్. తమ్ముడి షాపు కోసం దాన్ని తనఖా పెట్టి లోన్ తీసుకుందామని వెళ్తే బ్యాంకు పంపిన వేల్యూయర్ 74 లక్షలు కట్టాడు, మేమేమో 90 అనుకుంటున్నాం. 60 శాతం ఇస్తామన్నారు కాబట్టి 54 లక్షలు రావాల్సింది కాస్తా 44 లక్షల 40 వేలకి దిగింది. ఆయన ఇంట్లో ఉన్నది గట్టిగా పావుగంట, లేజర్ మీటర్‌తో హాలు కొలిచి, కిచెన్ ఫోటో తీసి, కిందికెళ్లి వాచ్‌మన్‌ని ఇక్కడ రేటెంత నడుస్తోంది అని అడిగి బండెక్కాడు.

కోపం తర్వాత, ముందు రిపోర్ట్ చూపించమనండి. కాపీ ఇవ్వకపోయినా బ్రాంచ్‌లో కూర్చుని చదువుకోనిస్తే చాలు. అందులో మామూలుగా ఫెయిర్ మార్కెట్ వేల్యూ (తీరిగ్గా అమ్మితే పలికే రేటు), రియలైజబుల్ వేల్యూ (అమ్మితే నిజంగా చేతికొస్తుందనుకునే రేటు, కాస్త తక్కువ), డిస్ట్రెస్ వేల్యూ (అర్జెంటుగా అమ్మాల్సొస్తే వచ్చే రేటు, ఇంకా తక్కువ) అని మూడు రేట్లుంటాయి, మనం మొదటిది అనుకుంటుంటే లోన్ ఆఫీసర్ రెండోది పట్టుకుని ఉండొచ్చు. మా రిపోర్ట్‌లో బిల్డింగ్ వయసు 24 ఏళ్లని రాశారు, నిజానికి 14. ఫ్లాట్ కొలతలో కూడా 100 చదరపు అడుగులు ఎగిరిపోయాయి!

ఇలాంటి లెక్క తప్పు దొరికిందంటే అదే బ్యాంకులో రీ-వేల్యుయేషన్ అడగడమే మేలు. వేల్యూయర్‌కి ఫోన్ చేసి అరవకండి, లోన్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టి సేల్ డీడ్, శాంక్షన్ ప్లాన్, ప్రాపర్టీ ట్యాక్స్ రసీదు జత చేయండి. మాది 81కి పెరిగింది.

90 ఎందుకు కాలేదంటే, అదే మన హైదరాబాద్ తిప్పలు. పక్క ఫ్లాట్ ఎంతకి అమ్ముడైందో ఈసీ (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే లావాదేవీల చిట్టా) తీసి రుజువు చూపిద్దామనుకున్నా. తీస్తే ఏముంది, 80కి పైన అమ్మారని అందరికీ తెలిసిన ఫ్లాట్ కాగితం మీద గవర్నమెంట్ రేటుకి, అంటే అందులో సగానికి, రిజిస్టర్ అయ్యుంది, మిగతాదంతా క్యాష్. అది ఇస్తే మన మెడకే చుట్టుకుంటుంది. అందుకే లోన్ పెట్టి కొన్నవాళ్ల డాక్యుమెంట్లు వెతకండి, వాళ్లది అసలు రేటుకి దగ్గరగా ఉంటుంది. వెబ్‌సైట్లలో ఓనర్లు పెట్టుకున్న రేట్ల స్క్రీన్‌షాట్లు పంపితే ఎవరూ పట్టించుకోరు, నేను పంపి చూశాను.

ఇంక మన డబ్బుతో ప్రైవేట్ వేల్యూయర్‌ని పెట్టుకోవడం. వీసాకో, క్యాపిటల్ గెయిన్స్‌కో అయితే పనికొస్తుంది గానీ లోన్‌కి దండగ, బ్యాంకు తన ప్యానెల్‌లో, అంటే తను ఎంచి పెట్టుకున్న వేల్యూయర్ల లిస్టులో, ఉన్నవాళ్ల మాటే వింటుంది.

బ్యాంకు మార్చడమంటే మళ్లీ ప్రాసెసింగ్ ఫీజు, మళ్లీ లీగల్ ఒపీనియన్, మళ్లీ వేల్యూయర్ ఫీజు, సిబిల్‌లో (మన అప్పుల రికార్డులో) ఇంకో ఎంక్వైరీ. రిపోర్ట్‌లో తప్పేం లేదు, రేటు మాత్రం మరీ పీనాసిగా కట్టారు అనిపిస్తేనే ఆ దారి. వెళ్లే ముందు ప్యానెల్‌లో ఎవరున్నారో కనుక్కోండి, ఒకే వేల్యూయర్ నాలుగు బ్యాంకులకి చేస్తుంటాడు, తిరిగి తిరిగి ఆయనే వచ్చి బెల్ కొడితే ఏం చేస్తాం.

అసలు కొట్లాడకూడని కేసు మా బావది. ఉప్పల్‌లో ఇండిపెండెంట్ హౌస్, పర్మిషన్ జీ ప్లస్ వన్‌కి (గ్రౌండ్ మీద ఒక్క ఫ్లోర్), కట్టింది జీ ప్లస్ టూ. వేల్యూయర్ పై ఫ్లోర్‌ని లెక్కలోకే తీసుకోలేదు. బావ మూడు బ్యాంకులు తిరిగాడు, మూడు చోట్లా అదే మాట. ప్లాన్‌లో లేని ఫ్లోర్‌కి అద్దె వస్తుందేమో గానీ వేల్యూ రాదు బావా అంటే ఇప్పటికీ నా మీద అలిగే ఉన్నాడు.

మేం 81 మీద వచ్చిన 48 లక్షల 60 వేలకే సంతకం పెట్టేశాం. షాపులో రెండు ఏసీలనుకున్న తమ్ముడు ఇప్పుడు ఒకటి చాల్లే అంటున్నాడు.