లక్సెంబర్గా, వాలెట్టానా: చిన్న రాజధానికి కాపురం మార్చే హైదరాబాదీలకు ఏది మేలు?

గచ్చిబౌలిలోనో మాదాపూర్‌లోనో పనిచేస్తూ యూరప్‌లో ఉద్యోగం వెతుక్కునే దంపతులను అదే పేరున్న దేశానికి రాజధాని అయిన లక్సెంబర్గ్, మాల్టా రాజధాని వాలెట్టా రెండూ ఆకర్షిస్తాయి. రెండుచోట్లా యూరోయే చెలామణి, రెండూ సరిహద్దు తనిఖీలు లేకుండా తిరగగలిగే షెంగెన్ దేశాల్లోనివే. ఊరు చిన్నదైతే బతుకు తేలికవుతుందన్న ఆశ సహజమే. అయితే ఊరి అందచందాల కంటే ముందు చూడవలసినవి రెండున్నాయని నా అభిప్రాయం: చేరిన ఉద్యోగం పోతే అక్కడే మరొకటి దొరుకుతుందా, వెంట వెళ్లిన భార్యకో భర్తకో పనిచేసే హక్కు ఉంటుందా?

ఈ రెండింటిలోనూ లక్సెంబర్గ్‌దే పైచేయి. నగర జనాభా 1.3 లక్షలకు కాస్త అటూ ఇటూ. అందులో దాదాపు పదిమందికి ఏడుగురు విదేశీయులే. ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీల నుంచి రోజూ 2 లక్షలకు పైగా జనం సరిహద్దు దాటి ఆ దేశానికి పనికి వస్తారు. యూరోపియన్ న్యాయస్థానం, యూరోపియన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు, పెట్టుబడి ఫండ్ల కంపెనీలు, అమెజాన్ యూరప్ ప్రధాన కార్యాలయం అన్నీ ఆ కొద్దిపాటి జాగాలోనే ఉన్నందువల్ల, డేటా, అకౌంట్స్, ఆడిట్ తెలిసినవారికి ఒక ఆఫీసు తలుపు మూసుకుపోయినా తట్టడానికి మరికొన్ని ఉంటాయి. మొదటి ఏడాది పర్మిట్ ఒకే రంగానికి, ఒకే వృత్తికి పరిమితమైనా ఒకే యజమానికి కట్టిపడేయదు. 2023 సెప్టెంబరు నుంచి కుటుంబ సభ్యులకు విడిగా వర్క్ పర్మిట్ అవసరం లేదు.

భారమంతా ఇంటి అద్దెలోనే ఉంది. నగరంలో ఒక పడకగది ఫ్లాటుకు నెలకు 1,500 యూరోలు దాటడం మామూలే. తియోన్‌విల్ వంటి ఫ్రెంచి ఊళ్లో చవకగా ఉండి రైల్లో వచ్చిపోవచ్చు కదా అని కొందరు సలహా ఇస్తారు; లక్సెంబర్గ్ నివాస పర్మిట్ మీద వెళ్లిన భారతీయులు ఆ దేశంలోనే కాపురముండాలి కనుక ఆ లెక్క మనకు కుదరదు. ఊరట కలిగించేది ప్రయాణం. 2020 మార్చి నుంచి దేశమంతటా బస్సు, ట్రాము, రైలు ఉచితం, రైల్లో ఫస్ట్ క్లాసు తప్ప. ఎత్తున ఉన్న పాత ఊరి నుంచి లోయలోని ఫాఫెన్‌థాల్‌కు దిగే 71 మీటర్ల అద్దాల లిఫ్టుకూ టికెట్టు లేదు. సైకిలుతో సహా ఎక్కి దిగవచ్చు. చలి, మబ్బు పట్టిన శీతాకాలం మాత్రం తప్పదు.

వాలెట్టా సంగతి వేరు. 1566లో పునాది పడిన ఈ కోట నగరం విస్తీర్ణం సుమారు 0.6 చదరపు కిలోమీటర్లు, అంటే మన హుస్సేన్‌సాగర్‌లో ఐదో వంతైనా ఉండదు. సముద్రం వైపు మెట్లు మెట్లుగా దిగే వీధులు, సున్నపురాతి ఇళ్లకు రంగుల చెక్క బాల్కనీలు, చూసినవారిని కట్టిపడేస్తాయి. కాపురానికి మాత్రం చాలామంది పక్కనున్న మ్సీదా, స్లీమా వంటి ఊళ్లకే పోతారు. అక్కడి పాత రాతి ఇళ్లలో శీతాకాలం చెమ్మ గోడలకెక్కుతుంది. తాగునీటిలో పెద్ద భాగం సముద్రపు నీటిని శుద్ధి చేసిందే. ఇంగ్లిష్ అధికార భాష కావడం గొప్ప సౌలభ్యం. నర్సింగ్, హోటల్, ఆన్‌లైన్ గేమింగ్ (బెట్టింగ్, క్యాసినో ఆటల) రంగాలవారు ఇంగ్లిష్‌తోనే పని నడుపుకోవచ్చు. కానీ నివాసానికీ పనికీ కలిపి ఇచ్చే సింగిల్ పర్మిట్ యజమానికి ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి దొరికే గడువు తక్కువ. భార్యకో భర్తకో పని కావాలంటే సాధారణంగా విడిగా పర్మిట్ తెచ్చుకోవాలి. దేశం మొత్తం 316 చదరపు కిలోమీటర్ల ద్వీపాలు కనుక, రోజూ వెళ్లి రావడానికి పక్క దేశమంటూ లేదు. జీతాల తేడా కూడా చిన్నది కాదు: 2025లో లక్సెంబర్గ్ కనీస నెల వేతనం 2,600 యూరోలు దాటగా, మాల్టాలో అది వెయ్యికి లోపే.

అందుచేత ఇద్దరూ ఉద్యోగాలు చేయాలనుకునే జంటకు, పిల్లలతో స్థిరపడాలనుకునేవారికి నేను లక్సెంబర్గే చెబుతాను. ఇంగ్లిష్ ఒక్కటే చేతిలో ఉండి, నాలుగైదేళ్లు యూరప్‌లో అనుభవం గడించాలనుకునే ఒంటరి నర్సుకు మాల్టా మేలు. సంతకం పెట్టేముందు కాంట్రాక్టులో అద్దె ఎవరు భరిస్తారో, పర్మిట్ రుసుము ఎవరు కడతారో రాతపూర్వకంగా తీసుకోవాలి. లక్సెంబర్గ్‌కు వెళ్లేవారు వీసా చేతికొచ్చేదాకా ఆగకుండా హైదరాబాద్‌లోని అలియాన్స్ ఫ్రాంసేజ్‌లో ఫ్రెంచ్ మొదలుపెట్టడం మంచిది, ముఖ్యంగా వెంట వెళ్లే భార్యో భర్తో. ఇంగ్లిష్ నడిచే పెద్ద ఆఫీసులు దాటితే దుకాణం నుంచి మున్సిపాలిటీ దాకా ఎక్కువగా వినిపించేది ఫ్రెంచే.