మన గూడ్సు రేకులకు జేఎంఆర్‌ఐ ఆపరేషన్స్ పనికొస్తుందా?

మోడల్ రైలు లేఔటు మీద బండి గుండ్రంగా తిరుగుతున్నంతసేపూ అది బొమ్మే. గూడ్సు నడపడమంటే ముందు ఎవరో ఇండెంటు (వ్యాగన్లు కావాలన్న అర్జీ) పెట్టాలి, ఖాళీ రేకు, అంటే ఒకటిగా కట్టిన వ్యాగన్ల వరస, సరుకు ఎక్కించే సైడింగులోకి రావాలి, సరుకు ఎక్కాలి, బండి కదలాలి, అటు దించుకున్నాక ఖాళీ రేకు తిరుగుముఖం పట్టాలి. ఏ వ్యాగను ఎక్కడుంది, లోడా ఖాళీనా, తరవాత ఎటు పోవాలి అన్న ఈ లెక్కంతా కంప్యూటరులో పెట్టుకునేదే జేఎంఆర్‌ఐ సాఫ్ట్‌వేరులోని ఆపరేషన్స్ భాగం. దీనికి డబ్బు కట్టక్కర్లేదు, సోర్సు కోడు కూడా బహిరంగమే. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. రాస్ప్‌బెర్రీ పై కూడా సరిపోతుంది. 5వ వరుస వెర్షన్లకు జావా 11 గానీ ఆ పైది గానీ ఉండాలి. డీసీసీ (ఒక్కో ఇంజన్ని విడిగా నడిపే డిజిటల్ పద్ధతి) లేకుండా మామూలు కంట్రోలరుతో నడిపే లేఔటుకూ ఇది పనికొస్తుంది. పట్టాలకు ఒక్క తీగ కూడా కలపక్కర్లేదు, ఎందుకంటే ఇది బండిని నడపదు, బండికి పని చెబుతుంది.

చెన్నైలో, అందులోనూ గూడూరు లైను వైపు బళ్లు చూస్తూ పెరిగిన తెలుగువాళ్లకు, ఇది పనికొస్తుందా అంటే వస్తుంది. కానీ పెట్టెలోంచి తీసినట్టుగా రాదు. ఈ ప్రోగ్రాము అమెరికా పద్ధతిలో ఆలోచిస్తుంది: ఈ ఫ్యాక్టరీకి ఒక వ్యాగను, ఆ గోడౌనుకు రెండు, దారిలో ఆగుతూ తీసుకుంటూ దింపుతూ పోయే బండి. మన దగ్గర సరుకు దాదాపుగా రేకుల లెక్కన కదులుతుంది. బొగ్గుకు 58 బాక్సెన్ (పైన కప్పు లేని) వ్యాగన్లు కలిపి ఒక రేకు, కంటెయినర్లకు 45 బీఎల్‌సీలు. ప్రోగ్రామును దాని దారిన వదిలేస్తే ఒక బాక్సెన్, రెండు బీటీపీఎన్ ట్యాంకర్లు, ఒక బీసీఎన్ (కప్పున్న వ్యాగను) కలిపి తొండయార్‌పేట యార్డు నుంచి బండి కట్టి పంపేస్తుంది. కాయితం మీద అంతా సరిగానే ఉంటుంది, పట్టాల మీద మాత్రం మన గూడ్సులా ఉండదు.

దీనికి విరుగుడు ప్రోగ్రాములోనే ఉంది, పేరు కెర్నెల్. కొన్ని వ్యాగన్లను ఒక కెర్నెల్‌లో చేరిస్తే అవి కలిసే కదులుతాయి, విడిపోవు. మొదట చేర్చిన వ్యాగను లీడ్ అవుతుంది. లీడ్ ఎటు పోతే మిగతావి అటే, దానికి ఏ సరుకు రాస్తే మిగతావాటికీ అదే. కాబట్టి ఒక్కో రేకును, లేదా ఒక్కో అర రేకును, ఒక్కో కెర్నెల్ చేయాలి. చెన్నై రేవు నుంచి బెంగళూరు వైట్‌ఫీల్డ్ డిపోకు పోయే కంటెయినర్ బండికి ఇది అతికినట్టు సరిపోతుంది. బీఎల్‌సీలు అసలు బండిలోనే ఐదేసి చొప్పున, రెండు చివర్లా 'ఏ' రకం, మధ్యలో మూడు 'బీ' రకం వ్యాగన్లతో, విడదీయరాని జట్లుగా ఉంటాయి. ఐదింటికొక కెర్నెల్ పెడితే చాలు. దీంతోపాటు ప్రతి వ్యాగనుకూ 'యుటిలిటీ' టిక్ పెడితే మ్యానిఫెస్టులో (బండి చేయాల్సిన పనుల జాబితా) పన్నెండు నంబర్లు పన్నెండు వరసల్లో రాకుండా 'బాక్సెన్ 12' అని ఒక్క వరసలో వస్తుంది. అసలు డ్రైవరుకైనా కావలసింది రేకు ఎక్కడ పెట్టాలన్నదే కదా.

పొడవుల దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. సెట్టింగుల్లో కొలత మీటర్లకు, స్కేలు హెచ్‌ఓకు (అసలులో 87వ వంతు) మార్చాక ప్రోగ్రాము ప్రతి వ్యాగను పొడవుకూ కప్లింగు కోసం తనంతట తానే ఒక మీటరు కలుపుకుంటుంది. బాక్సెన్ కప్లర్ల చివరి నుంచి చివరికి 10.713 మీటర్లు. దాన్ని 11 అని కొడితే ప్రోగ్రాము లెక్కలో 12 అవుతుంది. కప్లర్లు వదిలేసి పెట్టె పొడవు 9.784 మీటర్లను 10గా కొడితే లెక్కలో 11 అవుతుంది, అసలుకు దగ్గరగా ఉంటుంది. తేడా చిన్నదే అనిపిస్తుంది గానీ లూపు లైను 2 మీటర్లున్న లేఔటులో చూడండి. స్కేలులో అది 174 మీటర్లు. రూటులో బండి గరిష్ఠ పొడవు అంతే పెట్టారనుకోండి. పన్నెండు బాక్సెన్లు, ఒక వాగ్-9 ఇంజను కలిపి మొదటి పద్ధతిలో 166 మీటర్లు తింటాయి, చివరి గార్డు పెట్టె, అంటే బ్రేకు వ్యానుకు చోటు మిగలదు, బిల్డ్ (ప్రోగ్రాము వ్యాగన్లు ఎంచి బండి కట్టడం) ఆగిపోతుంది. రెండో పద్ధతిలో 153 అవుతుంది, బ్రేకు వ్యాను హాయిగా పడుతుంది. లేఔటు మీద టేపుతో కొలిస్తే అదే బండి వ్యాను కాకుండా 171 సెంటీమీటర్లు. పట్టాల మీద పట్టే బండి కంప్యూటరులో పట్టకపోవడానికి కారణం ఈ ఒక్క మీటరే.

పూర్తి 58 వ్యాగన్ల రేకు పెట్టాలని ఎవరైనా ఉబలాటపడితే ఇంజను, బ్రేకు వ్యానుతో కలిపి హెచ్‌ఓలో అది సుమారు ఏడున్నర మీటర్లు. ఫ్లాటులో గది గోడ అంతుండదు. పన్నెండుతో సరిపెట్టుకోండి.

వ్యాగను నంబరు గడిలో అసలు బండి మీది 11 అంకెలూ కొట్టనక్కర్లేదు. మొదటి రెండు రకం, తరవాతి రెండు యజమాని రైల్వే, ఆ తరవాతి రెండు తయారైన ఏడాది, నాలుగు వరుస సంఖ్య, చివరిది చెక్ అంకె. లేఔటులో వ్యాగన్ని గుర్తుపట్టడానికి చివరి ఐదు చాలు. రోడ్ పేరు గడిలో దక్షిణ రైల్వే, దక్షిణ మధ్య రైల్వే లాంటి పేర్లు పెట్టుకోవచ్చు. ఒకే రోడ్ పేరు కింద ఒకే ఐదంకెలు రెండుసార్లు రాకుండా చూసుకోండి.

సరుకుల దగ్గర ప్రోగ్రాము బాగా పనిచేస్తుంది. మొదట్లో ప్రతి వ్యాగనుకూ ఖాళీ, లోడు అన్న రెండు స్థితులే ఉంటాయి. బాక్సెన్‌కు బొగ్గు, బీసీఎన్‌కు సిమెంటు, బియ్యం, బీటీపీఎన్‌కు డీజిలు అని సొంత లోడ్లు చేర్చుకోవాలి. తరవాత ఒక్కో సైడింగుకు షెడ్యూలు రాయాలి. ఎన్నూరు కామరాజర్ రేవు సైడింగుకు ఉదాహరణ: రకం బాక్సెన్, వచ్చేటప్పుడు ఖాళీ, పోయేటప్పుడు బొగ్గు, గమ్యం మేట్టూరు థర్మల్ కేంద్రం. లేఔటులో మేట్టూరు కట్టక్కర్లేదు, అది గోడ వెనక స్టేజింగు లైనుగా (లేఔటులో లేని ఊరికి బదులు బళ్లు నిలిపే చోటు) ఉన్నా చాలు. గమ్యం రాశాక ఒక్క బండిలో చేరే దారి లేకపోతే రెండు మూడు బళ్లు మార్చయినా చేర్చే దారిని ప్రోగ్రామే వెతుకుతుంది. షెడ్యూలులో 'వెయిట్' అనే గడిని వదిలేయకండి. ఎన్ని ట్రైన్లు వచ్చిపోయేదాకా ఆ రేకు కదలకూడదో అక్కడ రాయొచ్చు. ఎక్కించడానికో దించడానికో పట్టే సమయం దాంతోనే వస్తుంది. అది సున్నాగా వదిలేస్తే పెట్టిన రేకును మరుసటి బండే లాగేస్తుంది, సైడింగు ఎప్పుడూ బోసిగా ఉంటుంది.

కానీ స్టేజింగుకు ఒక కఠినమైన నియమముంది. స్టేజింగు ట్రాకు మీది నుంచి బండి బయలుదేరితే ఆ ట్రాకు మీదున్న వ్యాగన్లన్నీ దాంతో పోవాలి. ఒక్కదానికి గమ్యం దొరక్కపోయినా బిల్డ్ మొత్తం ఫెయిలవుతుంది. గూడూరు స్టేజింగులో ఒకే లైను మీద బొగ్గు రేకూ, ఒక విడి బీసీఎన్ ఉంచితే ఆ బీసీఎన్ వల్ల బొగ్గు బండి ఆగిపోతుంది. ఒక లైనుకు ఒక రేకు అన్న పద్ధతి పాటిస్తే ఈ తలనొప్పి ఉండదు. మన రైల్వేకు అది సహజం కూడా.

బిల్డ్ ఫెయిలైనప్పుడు తిట్టుకోకుండా బిల్డ్ రిపోర్టును 'వెరీ డిటైల్డ్' స్థాయిలో పెట్టి చదవండి. ఏ వ్యాగన్ని ఎందుకు వదిలేసిందో వరస వరసగా రాస్తుంది. ఎక్కువసార్లు తేలే కారణం దిక్కు. ప్రతి లొకేషనుకూ, దానిలోని ప్రతి ట్రాకుకూ ఏ దిక్కుగా పోయే బళ్లు పనిచేయాలో వేరువేరు టిక్‌లు ఉంటాయి. చెన్నై వైపు దక్షిణం అనుకుని రూటు రాసి, సాల్ట్ కోటార్స్ గూడ్సు షెడ్డు ట్రాకుకు ఉత్తరం టిక్ మాత్రమే పెడితే ఏ బండీ అక్కడ సిమెంటు దింపదు. కొత్తగా చేర్చిన వ్యాగను రకాన్ని ట్రాకూ, ట్రైనూ రెండూ ఒప్పుకోకపోవడం ఇంకో కారణం. కెర్నెల్‌కు సరిపడా చోటు లేకపోవడం మూడోది. కెర్నెల్ విడిపోదు కాబట్టి పన్నెండులో పదకొండు పట్టే చోట ఒక్కటీ పెట్టదు.

ఇక అసలు ఆట అర రేకు దగ్గరే మొదలవుతుంది. షెడ్డు లైను ఒక మీటరే ఉంటే స్కేలులో 87 మీటర్లు, బాక్సెన్ అంత పొడవుండే బీసీఎన్‌హెచ్‌ఎల్ లాంటి సిమెంటు వ్యాగన్లయినా ఏడు కన్నా పట్టవు. నిజం స్టేషన్లలోనూ పొట్టి లైన్లుంటే రేకును రెండు ముక్కలు చేసి పెడతారు. కాబట్టి పన్నెండింటినీ ఒక కెర్నెల్ చేయకుండా ఆరేసి చొప్పున 'సిమెంటు-అ', 'సిమెంటు-ఆ' అని రెండు చేయండి. యర్రగుంట్ల నుంచి వచ్చిన బండి రెండింటినీ యార్డులో వదులుతుంది. యార్డు నుంచి షెడ్డుకు ఒక పైలట్ ట్రైను (షంటింగు బండి) రాసుకోండి. అది మొదట 'అ'ను పెడుతుంది. తరవాత మాత్రం రెండు పైలట్లుగా విడగొట్టండి: ఒకటి ఖాళీ అయిన 'అ'ను లాగడానికి, ఇంకొకటి 'ఆ'ను పెట్టడానికి. ఒకే పైలట్‌కు రెండు పనులూ చెబితే 'అ' ఇంకా ట్రాకు మీదే ఉందని లెక్కేసి చోటు లేదంటుంది. దీనికి 'ప్లాన్డ్ పికప్స్' అనే సెట్టింగు ఉంది గానీ పెట్టకపోవడమే మేలు. షంటింగు చేసేవాళ్లు ముందు లాగి, తరవాతే పెడతారు.

బ్రేకు వ్యాన్ని కెర్నెల్‌లో కలపకండి. దాన్ని కబూస్‌గా (బ్రేకు వ్యానుకు అమెరికా పేరు) గుర్తించి విడిగా ఉంచితేనే ఇంజను అటు నుంచి ఇటు మారినప్పుడు వ్యాన్ని రెండో చివరకు తెచ్చే పని మిగులుతుంది. సిక్ (మరమ్మతు కావలసిన) వ్యాగను పద్ధతి కూడా సులువే: ఆ వ్యాగన్ని కెర్నెల్ నుంచి తీసేసి 'ఔట్ ఆఫ్ సర్వీస్' టిక్ పెట్టి సిక్ లైనులో వదలడం, బాగయ్యాక మళ్లీ చేర్చడం. తిరుగు ప్రయాణానికి రూటు మళ్లీ రాయక్కర్లేదు, కాపీ చేసేటప్పుడు తిరగేయమంటే తిరగేస్తుంది.

మ్యానిఫెస్టులు ప్రింటు తీయడం దండగ. జేఎంఆర్‌ఐలోని వెబ్ సర్వరు ఆన్ చేస్తే ఇంటి వైఫైలో కంప్యూటరు చిరునామా, 12080 పోర్టు ద్వారా ఫోనులోనే బండి పని కనబడుతుంది. నలుగురు కలిసి నడిపినప్పుడు ఒకరు గూడూరు, ఒకరు యార్డు చూసుకుంటూ ఎవరి ఫోను వాళ్లు చూసుకోవచ్చు. ఆటో సేవ్, ఆటో బ్యాకప్ రెండూ ఆన్ చేసి ఉంచండి. కరెంటు పోయి కంప్యూటరు ఆగితే వ్యాగన్లు ఒకచోట, లెక్క ఇంకోచోట మిగులుతాయి.

ఏం చేయదు అంటే, ఎదురెదురు బళ్లను క్రాసింగు చేయించదు, లైన్ క్లియర్ ఇవ్వదు, లూపులో ఎవరిని ఆపాలో చెప్పదు. అది స్టేషను మాస్టారి పని, మనిషే చేయాలి. వ్యాగను బరువు ఎంతుండాలో లెక్కకట్టి చూపగలదు గానీ, సరిచేయాల్సింది మనమే. పెట్టె పొడవు 112 మిల్లీమీటర్లుండే బాక్సెన్‌కు అమెరికా మోడల్ రైలు సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ సూచన ప్రకారం సుమారు 91 గ్రాములు రావాలి. తీసిపెట్టే బొగ్గు దిమ్మలోనే ఆ బరువంతా దాస్తే ఖాళీ రేకు తేలికై, వంపుల్లో వెనక నుంచి తోసినప్పుడు మధ్య వ్యాగన్లు పట్టాలు దిగుతాయి. సీసం ముక్కల్ని అండర్‌ఫ్రేము కింద అంటించి, దిమ్మను తేలికైన ఫోముతో చేయడం మంచిది. ప్రోగ్రాము ఖాళీ అని చెప్పిన రేకులోంచి బొగ్గు దిమ్మలు తీసేది కూడా మన చేతులే.

రెండు మూడు రేకులే ఉన్న లేఔటుకు ఇంత సెటప్పు అక్కర్లేదు. నాలుగు వైపులా పని రాసి, ఒక్కో సెషనుకు ఒక్కో వైపు తిప్పే పాతకాలపు వేబిల్లు కార్డులు, అవీ వ్యాగనుకు కాకుండా రేకుకు ఒకటి చొప్పున, సరిపోతాయి. ఐదారు రేకులు, మూడు నాలుగు సైడింగులు, ఒక పొట్టి షెడ్డు లైను ఉంటే మాత్రం ఇది పెట్టుకోండి. మొదట ఒక్క బొగ్గు రేకుతో, రెండు లొకేషన్లతో, రెండు ట్రైన్లతో నడిపి చూసి, అది తప్పులేకుండా తిరిగాకే రెండో కెర్నెల్ చేర్చండి. ఒకేసారి అన్నీ నింపితే ఏ టిక్ వల్ల బిల్డ్ ఆగిందో రిపోర్టులో వెతకడానికే ఆదివారం అయిపోతుంది.