ఎంఎంటీఎస్ స్టేషన్ పక్కనే అని ఫ్లాట్ కొంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది చదవండి

హైదరాబాద్ శివార్లలో ఫ్లాట్ వెతుకుతున్నవాళ్ల కోసం రాస్తున్నాను. ముఖ్యంగా ఆఫీసు హైటెక్ సిటీ వైపు ఉండి, ధర తక్కువని ఘట్‌కేసర్, మేడ్చల్, ఉందానగర్ దిక్కున చూస్తున్నవాళ్లు కాస్త ఓపిక చేసుకుని చదవండి. బ్రోచర్‌లో "ఎంఎంటీఎస్ స్టేషన్‌కు 5 నిమిషాలు" అని కనిపిస్తే అక్కడే ఆగండి (ఎంఎంటీఎస్ అంటే హైదరాబాద్ లోకల్ రైలు). స్టేషన్ ఎంత దూరమన్నది తర్వాత. మీరు ఆఫీసుకు బయల్దేరే వేళకు అక్కడ బండి ఉందా, రాత్రి ఇంటికి తెచ్చే బండి ఉందా, అది అడగండి. మేము అడగలేదు. ఇప్పుడు ఇరవై ఏళ్ల లోన్ కడుతూ ఆ తప్పును రోజూ మోస్తున్నాం.

మేము 2024 వేసవిలో ఘట్‌కేసర్ వైపు దాదాపు పూర్తయిన అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ బుక్ చేశాం. బిల్డర్ పేరు, వెంచర్ పేరు ఇక్కడ రాయను. ఇలాంటి బ్రోచర్లు అన్ని దిక్కులా తిరుగుతున్నాయి కాబట్టి పేరుకన్నా పద్ధతి తెలుసుకోవడం ముఖ్యం. ఆదివారం ఉదయం వాళ్ల కారులోనే సైట్‌కు తీసుకెళ్లారు. రోడ్డు ఖాళీ. నాలుగో అంతస్తు బాల్కనీలో నిలబెట్టి దూరంగా కరెంటు తీగలు, పట్టాలు చూపించారు. సరిగ్గా అప్పుడే ఒక రైలు రయ్యిమని వెళ్లింది. "చూశారా మేడమ్, హైటెక్ సిటీకి డైరెక్ట్ బండి, ఒక్క టికెట్ చాలు" అన్నాడు మార్కెటింగ్ అబ్బాయి. మా వెంట వచ్చిన నాన్నది మహబూబాబాద్ దగ్గర పల్లె. "ఇది ఇక్కడ ఆగుతుందా బాబూ?" అని అడిగాడు. "అన్నీ ఆగుతాయి సార్" అన్నాడు ఆ అబ్బాయి. మేము చూసింది కాజీపేట వైపు పోయే ఎక్స్‌ప్రెస్. అది అక్కడ ఆగదు, ఎంఎంటీఎస్ అసలే కాదు. ఆ రోజు అడగాల్సిన ప్రశ్న అడిగింది నాన్న ఒక్కడే. ఆ జవాబు నిజమో కాదో ఫోన్‌లో రెండు నిమిషాలు వెతికి ఉంటే తెలిసిపోయేది.

మెయిన్ రోడ్డుకు అవతల ఉన్న వేరే అపార్ట్‌మెంట్‌తో పోలిస్తే మేము చదరపు అడుగుకు 300 రూపాయలు ఎక్కువ పెట్టాం. 1150 అడుగుల ఫ్లాట్‌కు లెక్క వేసుకోండి, 3 లక్షల 45 వేలు. అదంతా రైలు కోసం పెట్టిన డబ్బే. దసరాకు గృహప్రవేశం చేసుకున్న వారానికి గానీ అర్థం కాలేదు, నేను వెళ్లే వేళకు, తిరిగి వచ్చే వేళకు సరిపడే బండి ఆ లైనులో లేదని.

ఎందుకిలా అవుతుందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఎంఎంటీఎస్ 2003 ఆగస్టు 9న మొదలైంది. మొదటి దశ సికింద్రాబాద్, నాంపల్లి, లింగంపల్లి, ఫలక్‌నుమాల మధ్య. హైటెక్ సిటీ స్టేషన్, బేగంపేట, నెక్లెస్ రోడ్ అన్నీ అందులోవే. కోవిడ్‌కు ముందు రోజుకు 120 దాకా ట్రిప్పులు తిరిగేవి. మీ బంధువులెవరైనా "మేము పదేళ్లు ఎంఎంటీఎస్‌లోనే ఆఫీసుకు వెళ్లాం, ఏ ఇబ్బందీ లేదు" అంటే వాళ్లు చెప్పేది ఈ పాత లైను గురించి. నాకూ మా అక్క అలాగే చెప్పింది. అబద్ధం చెప్పలేదు. కానీ ఆ అనుభవం శివార్లకు పనికిరాదు.

శివార్లకు వెళ్లేది రెండో దశ. 2012-13లో మంజూరైంది, అంచనా సుమారు 817 కోట్లు. ఖర్చులో మూడింట రెండొంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే పెట్టుకోవాలి. ఆ వాటాల దగ్గరే ఏళ్ల తరబడి పని నలిగింది. మేడ్చల్, ఉందానగర్ బండ్లకు 2023 ఏప్రిల్ 8న జెండా ఊపారు. ఘట్‌కేసర్ నుంచి మౌలాలి, సనత్‌నగర్ మీదుగా లింగంపల్లి బండి 2024 మార్చి 5న మొదలైంది. అంటే మంజూరైన పదేళ్లు దాటాక. ఆ రోజు నేను టీవీలో చూసి మా ఆయనకు ఫోన్ చేశాను, "మన లైను వచ్చేసింది" అని. లైను రావడం వేరు, రోజూ ఆఫీసుకు వెళ్లే మనిషి నమ్ముకోగలిగినన్ని బండ్లు రావడం వేరు. కొత్త మార్గాల్లో ట్రిప్పులు పాత లైనుతో పోల్చలేనంత తక్కువ.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఎంఎంటీఎస్‌కు మెట్రోలాగా విడిగా పట్టాలు లేవు. చాలాచోట్ల దూరప్రాంతపు ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్స్ బండ్లు నడిచే లైన్ల మీదే ఇవీ నడవాలి. ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వాల్సి వస్తే లోకల్ బండి సిగ్నల్ దగ్గర ఆగాల్సిందే. బండ్లు బాగా తక్కువ ఉన్న మార్గంలో ఒకటి రద్దయితే వెనక ఇంకోటి ఉండదు. పిల్లల్ని స్కూల్ నుంచి తెచ్చుకోవాల్సిన తల్లికి అదెంత టెన్షనో చెప్పక్కర్లేదు. కోవిడ్ అప్పుడైతే 2020 మార్చిలో ఆపిన ఎంఎంటీఎస్‌లు మళ్లీ కదిలింది 2021 జూన్‌లో. అంతకాలం ఇంకో దారి ఉన్నవాళ్లే నెట్టుకొచ్చారు.

మా ఇంకో దారి ఏమిటంటే, వరంగల్ హైవే మీద బస్సులో ఉప్పల్ దాకా, అక్కడి నుంచి మెట్రోలో హైటెక్ సిటీ. వినడానికి సులువే. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ (పొడవాటి ఫ్లైఓవర్) పనులు 2018లో మొదలై ఏళ్లపాటు నత్తనడక నడిచాయి. ఆ స్తంభాల మధ్య గుంతల రోడ్డు మీద వానాకాలంలో ప్రయాణం చేసినవాళ్లకు నేను చెప్పాల్సిందేమీ లేదు. రైలు టికెట్‌కు పదో పదిహేనో అవుతుందని లెక్క వేసుకున్న నేను ఇప్పుడు బస్సు, మెట్రో, షేర్ ఆటో కలిపి దానికి ఎన్నో రెట్లు పెడుతున్నాను. డబ్బుకన్నా నన్ను బాధపెట్టేది సమయం. మా చిన్నది నిద్రపోయాక ఇల్లు చేరే రోజులే ఎక్కువ.

కాబట్టి దయచేసి ఆదివారం సైట్ విజిట్‌తో సరిపెట్టుకోకండి. ఒక పని రోజు సెలవు పెట్టి, మీ ఆఫీసు టైమ్‌కు ఆ స్టేషన్ నుంచే బయల్దేరండి. సాయంత్రం అదే దారిలో తిరిగి రండి. వీలైతే రెండు మూడు రోజులు చేయండి. లక్షలు పెట్టే ముందు రెండు రోజుల సెలవు పెద్ద ఖర్చు కాదు. టికెట్ కౌంటర్ దగ్గర, ప్లాట్‌ఫామ్ మీద రోజూ ఎక్కేవాళ్లను అడగండి. మార్కెటింగ్ వాళ్లు చెప్పనివన్నీ వాళ్లు చెబుతారు. రాత్రి ఆఖరి బండి ఎన్నింటికి, ఆదివారాలు ఏం నడుస్తాయి, స్టేషన్ నుంచి ఇంటిదాకా వీధి దీపాలున్నాయా, ఇవి కూడా కనుక్కోండి. బ్రోచర్‌లో 5 నిమిషాలంటే కారులోనా నడిచా అన్నది మీరే నడిచి చూడండి. మాకు నడకకు ఇరవై రెండు నిమిషాలు పట్టింది.

"త్వరలో యాదాద్రి దాకా పొడిగిస్తారు, అప్పుడు బండ్లు పెరుగుతాయి" అని కూడా చెబుతారు. ఆ పొడిగింపు మాట 2016 నుంచి వింటున్నాం. వస్తే అందరికంటే ముందు సంతోషించేది మేమే. కానీ రాని రైలుకు ఈ రోజే ధర కట్టకండి.

కాగితాల సంగతి. బ్రోచర్, వాట్సాప్ మెసేజ్‌లు, హోర్డింగ్ ఫోటోలు అన్నీ దాచుకోండి. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ప్రకటనలోని తప్పుడు సమాచారాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోతే పరిహారం అడగొచ్చు, కొనుగోలు నుంచి తప్పుకోవాలంటే వడ్డీతో సహా వెనక్కి అడగొచ్చు. 13వ సెక్షన్ ప్రకారం, అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. మా విషయంలో చిక్కేమిటంటే, బ్రోచర్‌లో ఉన్న మాట అబద్ధం కాదు. స్టేషన్ ఉంది, రూట్ ఉంది. "డైరెక్ట్ బండి, అన్నీ ఆగుతాయి" అన్నదంతా నోటి మాట. అగ్రిమెంట్‌లో రైలు ఊసే లేదు. మేము సంప్రదించిన లాయర్ గారు కూడా అదే చెప్పారు. మీరు మాత్రం ఏ మాట విని కొంటున్నారో ఆ మాటను ఈమెయిల్‌లో రాయించుకోండి. రాయడానికి వాళ్లు వెనకాడితే మీకు జవాబు దొరికినట్టే.

నిన్న మా టీమ్‌లో కొత్తగా చేరిన తమ్ముడొకడు లంచ్ టైమ్‌లో ఫోన్ చూపించాడు. అదే వైపు ఇంకో వెంచర్, అదే "5 నిమిషాలు". శనివారం టోకెన్ ఇస్తానన్నాడు. ఆగమన్నాను. శుక్రవారం ఉదయం 7 గంటలకు నాతో పాటు ఆ ప్లాట్‌ఫామ్ మీద నిలబడమన్నాను. వస్తానన్నాడు.